పాపన్ మేస్త్రీ మూడు గాట్లు

మా బావ పాపన్ మేస్త్రీ ఎవరినైనా చూస్తే ముందు చేతుల వైపు చూస్తాడు, మొహం వైపు తర్వాత. వచ్చేటప్పుడు ఆ చేతుల్లో ఏముంది, పోయేటప్పుడు ఏముంది, అదే ఆయనకు కావలసింది. మా అక్క పొన్నమ్మను చూడటానికి వేలూరు పక్కన గుడియాత్తంలో వాళ్ళింటికి నేను పోని నెల లేదు. ఇప్పటికీ బయల్దేరేటప్పుడు నా గొడుగు వైపు ఒక చూపు పడాల్సిందే. అది నా గొడుగేనని ఆయనకు తెలుసు. అయినా చూస్తాడు. ఒకసారి ఒళ్ళు మండి, "నేను తెలుగు బడిలో వాద్యారును బావా, దొంగను కాను" అనేశాను.

"దొంగలంతా నేను దొంగనని చెప్పుకునే వస్తారా వాద్యారే?" అన్నాడు, పెదవి కూడా కదిలీ కదలకుండా.

ఆయన పనిముట్లన్నిటి మీదా మూడు గాట్లుంటాయి. తాపీ మీద, గునపం మీద, తూకపు గుండు మీద ఉలితో పక్కపక్కన కొట్టిన మూడు చిన్న గాట్లు. పని జరిగే చోట పది మంది సామాన్లు కలిసిపోతాయి కాబట్టి మేస్త్రీలందరూ ఏదో ఒక గుర్తు పెట్టుకుంటారు. చాలామంది పిడికి రంగు పూస్తారు. మా బావ మాత్రం పిడి జోలికి పోడు, గుర్తు ఇనుము మీదే ఉండాలంటాడు. "కొయ్యను ఎవుడైనా మార్చేస్తాడు. ఇనుమును మార్చేవాడు యాడుండాడు?" అని ఆయన వాదం.

ఇక ఇసుక సంగతి. సాయంత్రం పని ముగించి కూలీలు కాళ్ళు కడుక్కుంటుంటే ఆయన డబ్బాలో సున్నపు నీళ్ళు కలుపుకుని ఇసుక కుప్ప చుట్టూ తిరుగుతాడు. కింది నుంచి పైదాకా ఒక గీత, దానికి అడ్డంగా ఇంకొకటి. పొద్దున వచ్చి చూస్తే ఆ గీత అట్లే ఉండాలి. ఒక్క తట్ట ఇసుక తీసినా గీత తెగిపోతుంది. తీసినవాడు మళ్ళీ సున్నం పోసి అతికిద్దామనుకున్నా బావ చేతి వాటం వాడికి రాదు. గీత తెగిందంటే ఆ రోజు కూలీల పని అయిపోయినట్టే. ఎవరు, ఎప్పుడు, ఏ పక్కనుంచి వచ్చారు అని మధ్యాహ్నం వరకూ పీక్కుతింటాడు.

పుట్టుకతోనే ఇట్లాంటి మనిషి కాదు. చిన్నప్పుడు ఎవరు ఏది చెప్పినా తలాడించేవాడని మా అక్క అంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదవడం రెండింట్లోనూ రాదు. పెళ్ళయ్యాక మా అక్కే కూర్చోబెట్టి తమిళంలో పేరు రాయడం నేర్పింది. ఆ నాలుగు అక్షరాలు వచ్చాక ఆయన సంతోషం పట్టలేకపోయాం. సంతకం పెట్టే అవకాశం కోసం ఎదురు చూసేవాడు.

ఆ సరదాను అరుణాచలం వాడుకున్నాడు. అరుణాచలానికి కాంట్రాక్టరు లైసెన్సు ఉంది, చేతికి సిమెంటు అంటదు. పని మా బావది, పేరు అరుణాచలానిది. ఏళ్ళ తరబడి అట్లాగే సాగింది. ఆఫీసు పనికి కావాలి తమ్ముడా అని ఒకరోజు కొన్ని తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. తర్వాత ఒక వానాకాలం ఎక్కడో పల్లెలో బడి ప్రహరీ గోడ కూలింది. ఆ గోడకు మా బావ ఒక్క ఇటుక కూడా పెట్టలేదు. కానీ కట్టింది నేనే, పూచీ నాదే అని ఆయన సంతకంతో కాగితం బయటికొచ్చింది. పోలీసు స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ గోడను తన మనుషులతో మళ్ళీ కట్టించి ఇంటికొచ్చాడు. వచ్చిన రోజే తాపీ మీద మొదటి గాట్లు కొట్టాడని మా అక్క చెప్పింది.

అప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. చనిపోయేలోగా ఒక సర్కారు పని తన పేరుతో చేయాలి. పని జరిగే చోట నాటే బోర్డు మీద కాంట్రాక్టరు అన్న మాట ఎదురుగా పాపన్ అని ఉండాలి. గుడియాత్తంలో సగం ఇళ్ళు ఆయన చేతి మీదుగా లేచినవే. ఒక్క గోడ మీద కూడా ఆయన పేరు లేదు. ఇది ఆయన నోటితో ఎవరికీ చెప్పుకోలేదు గానీ, దారిలో ఏ బోర్డు కనబడినా నన్ను ఆపి చదివించుకునేవాడు. నాకు బస్సు తప్పిపోయేది.

ఆయన కూతురు సుగన్య బీకాం చదివి లుంగీల ఎగుమతి కంపెనీ ఒకదాంట్లో కంప్యూటరు ముందు పనిచేసేది. తండ్రి కోరిక ఆ పిల్లకు చెప్పకుండానే తెలుసు. ఆఫీసుల చుట్టూ తిరిగి, పనికి సెలవు పెట్టి, చిన్న పనుల లైసెన్సు తండ్రి పేర సంపాదించింది. సరిగ్గా ఆ ఏడాదే, అంటే రెండువేల ఎనిమిదిలో, ఇక టెండర్లు పెట్టెలో వేయడం కాదు, కంప్యూటర్లోనే వేయాలి అన్నారు. దానికి డిజిటల్ సంతకం కావాలట. సుగన్య మళ్ళీ ఫొటోలు, కాగితాలు పట్టుకుని వేలూరు పోయింది. అక్కడ పాత బస్టాండు దగ్గర సామ్యుల్ అనే అతను కంప్యూటరు సెంటరు నడుపుతాడు. మా తెలుగువాడే. కాంట్రాక్టర్ల కార్డులన్నీ అతని ద్వారానే వస్తాయి.

కార్డు వచ్చిన రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. తెల్లటి ప్లాస్టిక్ ముక్క, ఒక పక్క గోరంత బంగారు రంగు బిళ్ళ.

"ఇది నీ సంతకం నాయనా" అంది సుగన్య.

బావ దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. "యాడుండాది? నాకు కనపడలేదే."

"కనపడదు. ఆ బిళ్ళ లోపల ఉండాది. కంప్యూటర్లో టెండరు కాగితం పెట్టి, దీన్ని దూర్చి, నీ నంబరు నొక్కితే సంతకం పడతాది. ఆ తర్వాత ఎవురైనా ఆ కాగితంలో ఒక్క అంకె మార్చినా సరే, ఎవురో చేయి పెట్టినారని చూపించేస్తాది."

బావ మొహం వెలిగింది. "ఇసక మీద సున్నం గీత మాదిరి."

"ఆమా నాయనా! అదే."

ఇంత త్వరగా అర్థమైందే అని నాకే ఆశ్చర్యం వేసింది. కానీ ఆయనకు అర్థమైన ప్రతిదాని వెనకా ఒక అనుమానం వస్తుంది.

"దీన్ని చూసి ఇంకోటి చేసుకుంటే?"

"చేసుకోలేరు. లోపలుండేది బయటికి రాదు."

"సరి. దీన్నే మార్చేస్తే? ఇట్లాంటిదే ఒకటి నా సంచిలో పెట్టేసి దీన్ని ఎత్తుకపోతే?"

"నీ నంబరుకు ఆ దొంగ కార్డు తెరుచుకోదు గదా. అప్పుడే తెలిసిపోతాది. నంబరే దీని గుర్తు. తప్పు నంబరు మూడు తూర్లు నొక్కితే మూసేసుకుంటాది కూడా."

"ఆ నంబరు కంటికి కనపడతాదా?"

"కనపడదు. నీ మనసులో ఉంటాది."

"మనసులో ఉండేది గుర్తు యెట్లవుతాదమ్మా?" అని కార్డును లోపలి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నంబరు పెట్టించుకోవడానికి వేలూరు పోయాం. సాక్షిగా నన్ను లాక్కుపోయాడు. ఎందుకు సాక్షి అంటే చెప్పడు. సామ్యుల్ ఒక చిన్న పెట్టెలో కార్డు దూర్చి, "మీకు నచ్చిన నంబరు నొక్కండి అణ్ణా" అన్నాడు. బావ కదల్లేదు. ముందు మా ముగ్గురినీ గోడ వైపు తిరగమన్నాడు. కన్నకూతురినీ, బామ్మర్దినీ, సొంత సెంటర్లో సామ్యుల్‌నీ. గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాం. వెనక ఒక్కొక్క అంకె కోసం వేలితో వెతుకుతూ టక్కు, టక్కుమని నొక్కుతున్నాడు. సుగన్య నన్ను చూసి నవ్వు బిగబట్టుకుంది. ఆ రోజు ఆ పిల్లకు అది వేడుకే.

వచ్చేటప్పుడు సామ్యుల్, "ఎందుకు మోసుకుని తిరగతారు అణ్ణా, ఇక్కడే పెట్టి పోండి, అందురూ పెట్టినారు" అని సొరుగు తెరిచాడు. రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట. ప్రతి కార్డుకూ నంబరు రాసిన చీటీ అంటించి ఉంది. పైనున్నది అరుణాచలానిది.

"ఊరోళ్ళ సంతకాలన్నీ నీ సొరుగులోనా?" అన్నాడు బావ. ఆయన గొంతు మారిపోయింది.

"వేండా అణ్ణా, మేము ఎత్తుకపోతాము" అని సుగన్య కూడా గట్టిగానే చెప్పింది. న్యాయంగా మాట్లాడితే ఆ విషయంలో నేనూ బావ పక్షమే. తాళం చెవులన్నీ ఒకడి దగ్గర పెట్టి, పైగా ఏ చెవి ఏ ఇంటిదో రాసిచ్చే తెలివి ఏం తెలివి? అనుమానం తప్పు కాదు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే మా బావ జబ్బు. ఆ సొరుగు చూసిన రోజు నుంచి ఆ జబ్బు ముదిరింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం వెనక వరండాలో ఉలీ సుత్తీ పట్టుకుని ఒంటరిగా ఏదో చేసుకుంటున్నాడని మా అక్క చెప్పింది. కొత్త తాపీ కొన్నాడేమో అనుకున్నాం.

మోర్ధానా ఆనకట్ట కింద కాలువ గట్టు మరమ్మతుకు టెండరు పడింది. ఆ ఆనకట్ట కట్టే రోజుల్లో బావ అక్కడ రాళ్ళు మోశాడు. చిన్న పని, ఆయన లైసెన్సుకు సరిపోయేది. సుగన్య అన్నీ సిద్ధం చేసి, "ఈ రోజే వేసేద్దాము నాయనా, ఎందుకు నిలబెట్టేది" అంది. బావ ఒప్పుకోలేదు. ముందే వేస్తే తన రేటు ఎవరో చూసి అరుణాచలం చెవిలో వేస్తారట. మూత వేసినట్టు ఉంటుంది, తెరిచే తేదీ వరకూ ఎవరికీ కనబడదు అని ఆ పిల్ల ఎంత చెప్పినా వినలేదు. ఆఖరి రోజే వేయాలి, అంతే.

ఆఖరి రోజు పొద్దున ముగ్గురం బస్సెక్కాం. కిక్కిరిసిన బస్సు. కూర్చునే చోటు సుగన్యకే దొరికింది కాబట్టి కార్డున్న సంచి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాడు. పెట్టి, దారంతా ఆ సంచి మీదే కన్నేసి నిలబడ్డాడు. విరించిపురం దగ్గర జనం తోసుకుని ఎక్కినప్పుడు మాత్రం కొంతసేపు ఆయనకు సంచి కనబడలేదు. ఆ సంగతి తర్వాత ఆయన నోట విన్నాను.

మధ్యాహ్నం మూడింటికి టెండరు మూసేస్తారు. సామ్యుల్ కార్డు దూర్చాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలగాలి, వెలగలేదు. తీసి, చొక్కా అంచుకు తుడిచి మళ్ళీ దూర్చాడు. వెలగలేదు.

"కార్డే లేదంటా ఉండాది అణ్ణా" అని సొరుగులోంచి ఇంకెవరిదో ఒకటి దూర్చాడు. దీపం వెంటనే వెలిగింది.

బావ ఆ దీపాన్ని చూశాడు, సామ్యుల్‌ను చూశాడు. "మార్చేసినారు" అన్నాడు.

"ఏంది అణ్ణా?"

"ఇది నా కార్డు కాదు. నాది ఎత్తుకుని చచ్చిన కార్డు పెట్టినారు. అరుణాచలం కార్డు నీ సొరుగులోనే గదా ఉండేది? వాడు చెప్పినాడు, నువ్వు చేసినావు."

"నంబరు పెట్టిన దినం తర్వాత మీ కార్డు నేను ఈ పొద్దే చేత్తో పట్టుకున్నేది! దేవుని సాక్షిగా చెప్తా ఉండా" అని సామ్యుల్ లేచి నిలబడ్డాడు.

"నాయనా, సామ్యుల్ అణ్ణ ఏం చేస్తాడు? ఆయన దగ్గర అది ఎప్పుడుండె?" అంది సుగన్య మధ్యలోకి వచ్చి.

అనకుండా ఉండాల్సింది. బావ చూపు మెల్లగా కూతురి చేతుల వైపు తిరిగింది. నాకు ఆ చూపు తెలుసు, నా గొడుగు మీద పడే చూపే.

"ఆమా. ఆయన దగ్గర లేదు. బస్సులో సంచి నీ దగ్గిరే ఉండె" అన్నాడు.

"నాయనా!"

"అప్లై చేసింది నువ్వు. తెచ్చింది నువ్వు. సంచి పట్టుకున్నేది నువ్వు. ఎవురికిచ్చినావు నా సంతకాన్ని?"

"నేను నీ కూతుర్ని నాయనా."

"సంతకం పెట్టమన్నప్పుడు అరుణాచలం గూడా నన్ను తమ్ముడానే అన్నాడు."

సెంటర్లో వేరే కంప్యూటర్ల ముందు కూర్చున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. నేను బావ చెయ్యి పట్టుకుని లాగాను, విదిలించేశాడు. నాకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. పెద్దవాడు, అక్క మొగుడు, ఆగిపోయాను. సుగన్య ఏడవలేదు. మొహంలో రక్తం లేనట్టు నిలబడింది.

"అబద్ధమా నేను చెప్పేది? ఇప్పుడే చూపిస్తా. నా కార్డయితే నా గుర్తు ఉంటాది. దీని మీద ఉండదు. వాద్యారే, నువ్వు సాక్షి. కండ్లు తెరిచి చూడు" అని బావ కార్డు లాక్కుని, వెల్లకిలా తిప్పి నా మొహం ముందు పెట్టాడు.

బంగారు బిళ్ళ మీద పక్కపక్కన మూడు గాట్లున్నాయి.

బావ కూడా చూశాడు. దగ్గరగా పెట్టుకుని ఇంకోసారి చూశాడు. సామ్యుల్ మెల్లగా కార్డు తీసుకుని ట్యూబులైటు కింద పట్టి, "అయ్యో, ఎవురు కొట్టినారు దీన్ని? బిళ్ళే పగిలిపోయిందే" అన్నాడు.

బావ వంగి ఆ బిళ్ళను వేలితో తడిమాడు.

"నేనే. ప్లాస్టిక్ మీద కొడితే అరిగిపోతాది గదా అని... ఇనుము మాదిరి ఉండేది అదొకటే గదా. మెల్లగానే కొట్టినా."

ఎంత మెల్లగా కొట్టినా ఆ బిళ్ళలో ఉన్నది సంతకం. దాని మీదే ఉలి పెట్టాడు. కొత్త కార్డు రావాలంటే మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఫొటోలు. నిన్ననో మొన్ననో వచ్చి ఉంటే ఏదో దారి వెతికేవాళ్ళం. ఇప్పుడు మూడు దాటడం చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ లేదు. సుగన్య ఆ కార్డును తీసుకుని, కొంగుతో తుడిచి, తండ్రి చొక్కా జేబులో పెట్టింది. "బస్సుకు టైమయింది, పోదాము" అంది. తిరిగి వచ్చేటప్పుడు సీటు దొరికినా ఆ పిల్ల కూర్చోలేదు, సంచీ ముట్టుకోలేదు.

కాలువ పని అరుణాచలానికి పోయింది. గట్టు మీద అతని పేరుతో బోర్డు నాటారని ఎవరో చెబితే బావ బస్సెక్కి పోయి చూసొచ్చాడు. నన్ను చదివిపెట్టమనలేదు. ఆ నెలంతా అన్నం సరిగ్గా తినలేదని, కూతురు ఎదురొస్తే తల దించుకుని పక్కకు పోతున్నాడని మా అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. క్షమించమని అడగడం ఆయనకు రాదు. సుగన్య పనికి పోతోంది, వస్తోంది, తండ్రికి కాఫీ ఇస్తోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది.

కొత్త కార్డుకు మళ్ళీ ఆ పిల్లే తిరిగింది. అది వచ్చేసరికి విరించిపురం దగ్గర చిన్న కల్వర్టు పని టెండరుకొచ్చింది. ఈసారి బావ గడువు కోసం ఆగలేదు. మొదటి రోజే మమ్మల్ని బయల్దేరదీశాడు. బస్సులో సంచి కూతురి ఒళ్ళో పెట్టబోతే, "నీ దగ్గిరే ఉండనీ నాయనా" అంది.

సెంటర్లో సామ్యుల్ పాత గొడవ ఎత్తకుండా కుర్చీ వేశాడు. సుగన్య కాగితాలన్నీ ఎక్కించింది. ఇక సంతకమే మిగిలింది. కార్డును తండ్రి చేతి నుంచి తీసుకుని ఆయన మొహం ముందు పట్టుకుంది. ముందు పక్క చూపించింది, తిప్పి వెనక పక్క చూపించింది.

"చూసుకో నాయనా. నీదేనా?"

"అక్కర్లేదమ్మా."

"చూసుకో."

ఆయన చూశాడు. ఆ పిల్ల కార్డు దూర్చింది, పచ్చ దీపం వెలిగింది. నంబరు నొక్కమని కీబోర్డు ఆయన వైపు జరిపింది.

"నువ్వే నొక్కమ్మా" అన్నాడు బావ.

"నాకు తెలీదు గదా."

"చెప్తా. నాలుగు..."

సుగన్య లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

మా బావ ఆపలేదు. పాత బస్టాండు దాకా వినబడేంత గట్టిగా ఒక్కొక్క అంకే చెబుతున్నాడు, మధ్యమధ్య "విను పాపా, విను" అంటున్నాడు. అంతా అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆ నంబరు నేను విన్నాను, సామ్యుల్ విన్నాడు, పక్కన కార్డు కోసం వచ్చిన ఎవరో ముసలాయన కూడా విన్నాడు. ఆ పిల్ల మాత్రం చెవుల మీంచి చేతులు తీయలేదు. చివరికి ఆయనే కీబోర్డు మీదికి వంగి, కళ్ళు తుడుచుకుంటూ, ఒక్క వేలితో అంకెలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.